రైతుల పల్లెలో పుట్టిన శాస్త్రజ్ఞుడు – గ్రెగరీ పింకస్

మన విద్యార్థి సంఘం వార్షిక సంచికకు ఒక మహనీయుని జీవిత చరిత్ర రాయాలని అనుకున్నప్పుడు మా తరగతివాళ్ళు సి.వి. రామన్, యల్లాప్రగడ సుబ్బారావు, మేడమ్ క్యూరీ పేర్లు ముందే పంచేసుకున్నారు. నేను గ్రెగరీ పింకస్ పేరు చెప్పాను. ఎవరాయన అని అడిగారు. గర్భం రాకుండా వేసుకునే బిళ్ళ కనిపెట్టినాయన అన్నాను. కొందరు నవ్వారు, కొందరు తల దించుకున్నారు. ఇరవై ఏళ్ళ ఆడపిల్ల సంచికలో రాయవలసిన సంగతేనా ఇది అని ఒకరు గొణిగారు కూడా. రాయవలసిందేనని నా అభిప్రాయం. కారణం మా ఇంట్లోనే ఉంది.

మాది అరసవల్లి. దేవుడు ప్రపంచానికంతటికీ వెలుగు పంచే సూర్యనారాయణమూర్తి. మా ఇల్లు మాత్రం నాలుగెకరాల వరిచేను మీద బతికే ఇల్లు. మూడేళ్ళ కిందట మా వదినకు మొదటి కానుపయిన ఏడాదికి, రెండో బిడ్డకు ఎడం ఉండాలని ఎవరో బిళ్ళలు ఇచ్చారు. రోజుకొకటి వేసుకోమన్నారు, అంతే. నెల తిరక్కుండానే వదినకు పొద్దున్నే కడుపులో తిప్పడం, ఒంటికణత నొప్పి మొదలయ్యాయి. అమ్మ వేడి చేసిందనుకుని మజ్జిగ తాగించింది. తగ్గకపోతే ఒక ఆదివారం ఇంద్రపుష్కరిణిలో స్నానం చేయించి స్వామి దర్శనానికి తీసుకెళ్ళింది. వదిన ఒక రాత్రి నన్ను పక్కకు పిలిచి, బైపీసీ చదువుతున్నావు కదా, ఈ బిళ్ళ లోపలికెళ్ళి ఏం చేస్తుందో చెప్పమని అడిగింది. అండాశయం బొమ్మ గీసి పదికి పది మార్కులు తెచ్చుకున్న నాకు నోట మాట రాలేదు. వదిన ఎవరికీ చెప్పకుండా మానేసి, మిగిలిన బిళ్ళలు బియ్యం డబ్బా అడుగున దాచేసింది. కొన్నాళ్ళకే నెల తప్పింది. రెండో కానుపుతోనే ఆపరేషను అయిపోయింది. అప్పటికామెకు ఇరవై మూడేళ్ళు.

ఆ రాత్రి చెప్పలేకపోయిన జవాబు కోసం తరువాత చదువుతూ పోతే, ఆ జవాబు చివర ఈ పింకస్ అనే మనిషి కనబడ్డాడు.

గ్రెగరీ గుడ్విన్ పింకస్ 1903 ఏప్రిల్ 9న అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో ఉడ్‌బైన్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. అది మామూలు ఊరు కాదు. రష్యాలో హింస భరించలేక పారిపోయి వచ్చిన యూదులు అడవి కొట్టి, సేద్యం నేర్చుకుని, కాపురాలు పెట్టుకున్న రైతుల పల్లె. తండ్రి జోసెఫ్ అక్కడి వ్యవసాయ పాఠశాలలో పంతులు. తరువాత యూదు రైతుల పత్రికకు సంపాదకుడయ్యాడు. మేనమామ పేరున్న నేల శాస్త్రజ్ఞుడు. ఆరుగురు పిల్లల్లో పింకసే పెద్దవాడు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో వ్యవసాయ శాస్త్రంలో 1924లో పట్టం పుచ్చుకున్నాడు. ఆడవాళ్ళ జీవితాలను మార్చిన మనిషి చదువు పంటపొలాల చదువుతో మొదలైందంటే, రైతుబిడ్డను కాబట్టేమో, నాకెంతో ముచ్చటేసింది.

తరువాత హార్వర్డ్‌లో చేరి 1927లో డాక్టరేటు పొందాడు. కుందేళ్ళ అండాల మీద అతని పరిశోధన. 1934లో కుందేలు అండాన్ని గాజుపాత్రలో ఫలదీకరణం చేశానని ప్రకటించేసరికి దేశమంతా గగ్గోలు పుట్టింది. తండ్రి అక్కరలేని బిడ్డల్ని సీసాల్లో పెంచే రాక్షసుడన్నట్టుగా పత్రికలు చిత్రించాయి. హార్వర్డ్ వారు అతనికి శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. ముప్ఫయి అయిదేళ్ళు నిండేసరికి, భార్యా ఇద్దరు పిల్లలతో, ఉద్యోగం లేని మేధావిగా మిగిలాడు. అప్పుడు హడ్సన్ హోగ్లాండ్ అనే స్నేహితుడు 1938లో ఉస్టర్ పట్నంలోని క్లార్క్ విశ్వవిద్యాలయానికి పిలిచి ఆశ్రయమిచ్చాడు. 1944లో ఇద్దరూ కలిసి, ఊరివాళ్ళు ఇచ్చిన చందాలతో, ఉస్టర్ ప్రయోగ జీవశాస్త్ర సంస్థ స్థాపించారు. డబ్బులేని సంస్థ. హోగ్లాండే బయట గడ్డి కోసేవాడు. చైనా నుంచి వచ్చిన చాంగ్ అనే యువ శాస్త్రజ్ఞుడు పగలు పరిశోధకుడు, రాత్రి కాపలాదారు!

1951లో పింకస్ జీవితం మలుపు తిరిగింది. న్యూయార్క్‌లో ఒక విందులో అతనికి మార్గరెట్ సాంగర్ పరిచయమైంది. ఆమె నర్సు. ఆమె తల్లి పద్ధెనిమిదిసార్లు గర్భం ధరించి, పదకొండుమందిని కని, యాభై ఏళ్ళకే క్షయతో కన్నుమూసింది. 1916లో బ్రూక్లిన్‌లో మొదటి సంతాన నిరోధ కేంద్రం తెరిచి సాంగర్ జైలుకెళ్ళింది. 1935లో మన దేశానికి వచ్చి వార్ధాలో గాంధీగారితో ఈ విషయమై వాదించింది కూడా. నిగ్రహమే మార్గమని ఆయన, ఆడదాని చేతిలో సాధనం ఉండాలని ఆమె. ఇద్దరూ ఒప్పుకోకుండానే విడిపోయారు. ఆమెలో సుజనన వాదపు పోకడలు ఉండేవన్న మాట కూడా దాచకూడదు. అయినా ఆమె పింకస్‌ను అడిగింది ఒక్కటే: మొగవాడి దయ మీద ఆధారపడకుండా ఆడది తానే వాడుకోగల మందు ఒకటి సాధ్యమేనా అని.

సాధ్యమేనని పింకస్‌కు తోచింది. ఎందుకో మన పశువుల పాకలోంచే చెబుతాను. చూడి గేదె మళ్ళీ ఎదకు రాదు. ఈ సంగతి మా నాన్నకు తెలుసు, మా తాతకూ తెలుసు. గర్భం నిలిచాక ప్రొజెస్టిరాన్ అనే హార్మోను రక్తంలో నిండుగా ఉండి, కొత్త అండం విడుదల కాకుండా ఆపుతుంది. గర్భం లేకుండానే ఆ హార్మోను ఇస్తే? శరీరం గర్భం ఉన్నట్టే భ్రమపడి అండాన్ని విడుదల చేయదు. బిళ్ళ రహస్యమంతా ఇంతే. మా వదినకు కడుపులో తిప్పినట్టయింది కూడా వేవిళ్ళకు చుట్టమే అని నాకిప్పుడు అర్థమవుతోంది.

చాంగ్ కుందేళ్ళకు ప్రొజెస్టిరాన్ ఇచ్చి చూశాడు. పనిచేసింది. కాని డబ్బేది? 1953 జూన్‌లో సాంగర్ వెంటబెట్టుకుని తెచ్చిన కాథరిన్ మెకార్మిక్ అనే డెబ్బయ్యేడేళ్ళ వితంతువు సంస్థ చూడడానికి వచ్చింది. 1904లోనే జీవశాస్త్రంలో పట్టం పొందిన విదుషి. అత్తవారిది కోత మిషన్లు చేసే మెకార్మిక్ వంశం. ఆనాటి నుంచి ఆమె ఇచ్చిన సొమ్ము మొత్తం దాదాపు ఇరవై లక్షల డాలర్లు. అంటే గోధుమ చేలు కోసిన యంత్రాల డబ్బుతో ఈ బిళ్ళ తయారయింది! ముడిసరుకు కూడా పొలం సరుకే. మన పెండలం జాతికి చెందిన అడవి దుంపలను మెక్సికో పల్లెవాళ్ళు తవ్వి తెస్తే, వాటి నుంచి హార్మోను తీసే పద్ధతిని రసెల్ మార్కర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1940 దశకంలో కనిపెట్టాడు. దానితో బంగారం కన్నా ప్రియమైన ప్రొజెస్టిరాన్ చవకయింది. నోటితో మింగినా పనిచేసే కృత్రిమ రూపాలు 1950 దశకం మొదట్లో రెండు వచ్చాయి. ఒకటి నోరెథిస్టిరాన్, రెండోది నోరెథినోడ్రెల్. పింకస్ రెండోదాన్ని ఎంచుకున్నాడు. మొదటిదాని పేరు గుర్తుంచుకోండి, నాటి మన ఉమ్మడి రాష్ట్రంలో మళ్ళీ కనిపిస్తుంది.

ఇక మనుషుల మీద పరీక్ష. పింకస్ వైద్యుడు కాదు. అందుకని జాన్ రాక్ అనే బోస్టన్ స్త్రీవైద్యుని కలుపుకున్నాడు. రాక్ నిష్ఠగల క్యాథలిక్కు. ఆయన దగ్గరికి పిల్లలు లేక వచ్చిన ఆడవాళ్ళ మీద తొలి పరీక్షలు జరిగాయి. ఉస్టర్ మానసిక చికిత్సాలయంలోని రోగుల మీద కూడా జరిగాయి. ఔననో కాదనో చెప్పగల స్థితి కూడా వాళ్ళకు లేదు. ఈ వాక్యం రాస్తున్నప్పుడు కలం కాస్త ఆగింది.

మసాచుసెట్స్‌లో సంతాన నిరోధ సాధనాలివ్వడమే నేరం. అందుచేత పెద్ద పరీక్షకు పింకస్ పోర్టోరికో ద్వీపాన్ని చూసుకున్నాడు. అక్కడ చట్టం అడ్డు రాదు, జనం ఎక్కువ, బీదరికం ఎక్కువ. మొదట వైద్య విద్యార్థినుల మీద ప్రయత్నం చేశారు. వాళ్ళు మానేస్తే మార్కుల బెదిరింపు కూడా పనిచేయలేదు. 1956 ఏప్రిల్‌లో రియో పియెద్రాస్ అనే చోట, పేదలకు కొత్తగా కట్టిన ఇళ్ళల్లో అసలు పరీక్ష మొదలైంది. ఆడవాళ్ళు ఆశతో ముందుకొచ్చారు. ఎందుకంటే అప్పటికే ఆ ద్వీపంలో సంతానం ఆపుకోవడానికి ఎక్కువమందికి తెలిసిన దారి ఒకటే: ఆపరేషను. 1965లో లెక్క తీస్తే అక్కడి తల్లుల్లో మూడోవంతు మందికి అది అయిపోయి ఉంది. ఆ మాటకు వాళ్ళు వేరే పేరు కూడా పెట్టుకోలేదు, మనలాగే వట్టి ఆపరేషను అనే అనేవాళ్ళు.

బిళ్ళ గర్భాన్ని ఆపింది, సందేహం లేదు. కాని పరీక్షను నడిపిన డాక్టరమ్మ ఎడ్రిస్ రైస్-రే ఒక నివేదిక పంపింది. వాడిన వారిలో నూటికి 17 మందికి వాంతులు, తల తిరుగుడు, తలనొప్పి, కడుపునొప్పి కలుగుతున్నాయనీ, ఇన్ని బాధలున్న మందు అందరికీ పనికిరాదనీ ఆమె అభిప్రాయం. స్థలం మీద ఉండి ఆడవాళ్ళ మొహాలు చూసిన మనిషి మాట అది.

పింకస్ ఆ మాట తీసుకోలేదు. అతను ఒక ప్రయోగం చేయించాడు. కొందరికి వట్టి బిళ్ళ ఇచ్చి బాధలు రావచ్చని చెప్పారు. కొందరికి అసలు బిళ్ళ ఇచ్చి ఏమీ చెప్పలేదు. వట్టి బిళ్ళ మింగినవారికే ఎక్కువ బాధలు కలిగాయి. కనుక ఇదంతా మనసు చేసే మాయ అని అతను తేల్చాడు. ప్రయోగం తెలివైనదే, కొంతవరకు నిజం కూడా. భయపెడితే కడుపులో తిప్పడం ఎవరికైనా మామూలే. కాని దాని నుంచి తీసిన తీర్పు నాకు సరిగ్గా తోచలేదు. కొన్ని బాధలు మనసువయితే, అన్నీ మనసువే అని కాదు కదా! చెప్పకపోతే బాధ తగ్గుతుందని తెలిసింది కాబట్టి, చెప్పడమే మానేస్తే సరిపోతుందా? మా వదినకు బిళ్ళ ఇచ్చినవారు కూడా సరిగ్గా ఇదే దారిలో నడిచారు, తెలిసో తెలియకో.

ఆ బిళ్ళ పేరు ఎనోవిడ్. 1957లో నెలసరి ఇబ్బందులకు మందుగా అనుమతి వచ్చింది. 1960లో గర్భనిరోధకంగా వచ్చింది. అందులో సుమారు 10 మిల్లీగ్రాముల నోరెథినోడ్రెల్, 0.15 మిల్లీగ్రాముల ఈస్ట్రోజెన్ ఉండేవి. ఆ ఈస్ట్రోజెన్ చేరిన కథ వింత. మొదట అది తయారీలో కలిసిన మలినం. తీసేసి చూస్తే మధ్యలో రక్తం కనబడింది. దాంతో కావాలనే మళ్ళీ కలిపారు. ఈనాడు మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ బిళ్ళలో ఈస్ట్రోజెన్ 0.03 మిల్లీగ్రాములే. రకం వేరయినా, బరువులో అయిదో వంతు. మరి ఆనాటి ఆడవాళ్ళు ఎంత మందు మింగారో ఊహించుకోండి.

1961లో బిళ్ళ వాడుతున్న ఒకామెకు ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిందని మొదటి వార్త వెలువడింది. తరువాత మరికొన్ని. తయారీదార్లు, నిపుణులు ఇది యాదృచ్ఛికం అన్నారు. పింకస్ చివరిదాకా తన బిళ్ళ మీద నమ్మకం సడలించుకోలేదు. దేశదేశాలు తిరిగి దాని గురించి ఉపన్యాసాలిచ్చాడు. మరో పక్క ఎముక మజ్జకు సంబంధించిన జబ్బు అతన్ని లోపల్లోపలే తినేస్తోంది. అది తెలిసీ పని మానలేదు. 1967 ఆగస్టు 22న బోస్టన్‌లో, 64వ ఏట కన్నుమూశాడు. మరుసటి ఏడాదే బ్రిటన్ పరిశోధకులు రక్తం గడ్డకట్టడానికీ బిళ్ళకూ సంబంధం ఉందని లెక్కలతో రుజువు చేశారు. ఈస్ట్రోజెన్ ఎంత ఎక్కువయితే ప్రమాదం అంత ఎక్కువని తేలింది. దాంతో మోతాదులు తగ్గాయి. 1970లో అమెరికా సెనేట్‌లో విచారణ జరిగితే బిళ్ళ వాడిన ఆడవాళ్ళలో ఒక్కరినీ సాక్ష్యానికి పిలవలేదు. కొందరు యువతులు లేచి నిలబడి, గట్టిగా అడిగి, రభస చేశాకే, ప్రతి పెట్టెలోనూ ప్రమాదాలు తెలిపే కాగితం పెట్టాలన్న నియమం వచ్చింది. ఆడవాళ్ళు అడిగితే వచ్చిన కాగితం అది!

ఇదంతా దూరదేశపు కథ అనుకోకండి. 1985లో నాటి మెదక్ జిల్లా పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆడవాళ్ళను పోగుచేసి రెండు నెలలకొక ఇంజెక్షను ఇవ్వబోయారు. దాని పేరు నెట్-ఎన్. ఇందాక గుర్తుంచుకోమన్న నోరెథిస్టిరానే, నూనె మందుగా మారి వచ్చింది. ఇది ఇంకా పరీక్షలో ఉన్న మందు అని ఆ తల్లులకు తెలీదు. హైదరాబాదు స్త్రీశక్తి సంఘటన వారు అక్కడికెళ్ళి సంగతి విడమరచి చెప్పేసరికి ఎక్కువమంది లేచి ఇంటికెళ్ళిపోయారు. 1986లో ఆ సంఘటన మరికొందరితో కలిసి సుప్రీంకోర్టుకెక్కింది. 2000లో గాని వ్యాజ్యం ముగియలేదు. ఆ ఇంజెక్షనును సామూహిక కార్యక్రమంలో వాడబోమని ప్రభుత్వం ఒప్పుకుంది. రియో పియెద్రాస్‌కూ పటాన్‌చెరుకూ మధ్య వేల మైళ్ళు, ముప్ఫయి ఏళ్ళు. తేడా ఒక్కటే. ఇక్కడ ఎవరో ముందుగా వెళ్ళి చెప్పారు.

మరి బిళ్ళ మంచిదా, చెడ్డదా? సైన్సు విద్యార్థినిగా నాకు తెలిసిన లెక్క చెబుతాను. బిళ్ళ వాడని, గర్భం లేని పదివేలమందిలో ఏడాదికి 1 నుంచి 5 మందికి రక్తనాళాల్లో గడ్డ కడుతుంది. ఈనాటి బిళ్ళ వాడేవారిలో 3 నుంచి 9 మందికి. గర్భిణుల్లో 5 నుంచి 20 మందికి. కానుపయిన మొదటి పన్నెండు వారాల్లో 40 నుంచి 65 మందికి. అంటే బిళ్ళలో ప్రమాదం ఉంది, కోరని గర్భంలో అంతకన్నా ఎక్కువ ఉంది. అండాశయ క్యాన్సరు నుంచి బిళ్ళ కొంత కాపాడుతుంది కూడా. కాని అందరికీ ఒకే బిళ్ళ పనికిరాదు. రక్తపోటు ఉన్నవాళ్ళు, కళ్ళముందు మెరుపులు కనబడి ఒంటికణత నొప్పి వచ్చేవాళ్ళు, ముప్ఫయి అయిదు దాటి పొగ తాగేవాళ్ళు ఈస్ట్రోజెన్ ఉన్న బిళ్ళ వాడకూడదు. మన శ్రీకాకుళం పల్లెల్లో చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాల్చే ఆడవాళ్ళు ఉన్నారు. బిళ్ళ ఇచ్చే ముందు వాళ్ళని ఈ ప్రశ్న అడగాలా, వద్దా? మా వదిన తలనొప్పి ఏ రకమో నాకు ఇప్పటికీ తెలీదు. ఎవళ్ళూ అడగలేదు గనక.

2017 నుంచి జాతీయ కార్యక్రమంలో మూడు నెలలకొక ఇంజెక్షను అంతర, హార్మోను లేని ఛాయ బిళ్ళ కూడా చేరాయి. అంతరతో నెలసరి క్రమం తప్పవచ్చు, ఆగిపోనూ వచ్చు, ఎముకల బలం కొంత తగ్గవచ్చు, మానేశాక గర్భం నిలవడానికి నెలలు పట్టవచ్చు. కాపర్-టి ఉంది, నిరోధ్ ఉంది, మొగవాళ్ళ చిన్న ఆపరేషనూ ఉంది. పేరుకు ఇన్ని దారులు. కాని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్ పెళ్ళయిన ఆడవాళ్ళలో నూటికి దాదాపు 70 మంది ఆపరేషను అయినవారే. బిళ్ళ వాడేవారు నూటికి ఒక్కరు కూడా లేరు. ఆపరేషను చేయించుకున్న మగవాళ్ళూ నూటికి ఒక్కరు లేరు. ఒక్క తలుపే తెరిచి ఉన్న ఇంట్లోంచి అందరూ ఆ తలుపు గుండానే బయటికొస్తే, దాన్ని ఇష్టం అనవచ్చునా?

పింకస్‌ను నిందించడానికి ఈ వ్యాసం రాయలేదు. ఉద్యోగం పోయినా, లోకం రాక్షసుడన్నా, జబ్బు తింటున్నా పట్టు విడవని దీక్షాపరుడు. ఆడదాని చేతికి తాళంచెవి ఇచ్చినవాడు. కాని తాళంచెవి తీసుకున్నవాళ్ళు చెయ్యి కాలిందంటే నమ్మలేదు. రైతుల పల్లెలో పుట్టినవాడికి ఒక సంగతి తెలిసుండాలి. కొత్త విత్తనం వేసినప్పుడు, అది తెచ్చిన వర్తకుణ్ణి కాదు, చేలో నిలబడ్డ రైతును అడగాలి ఎలా పండిందని.

మొన్న సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు వదినకు ఇదంతా చెప్పాను, చూడి గేదెతో సహా. చాలాసేపు విన్నది. తరువాత నవ్వి, ఇది అప్పుడే తెలిసుంటే వేరే బిళ్ళ అడిగి ఉందును అంది. ఆమెకు ఆపరేషను మీద విచారం లేదట. అడిగే అవకాశం లేకపోయిందన్నదే విచారం.

సోదర సోదరీమణులారా! మనలో కొందరం రేపు డాక్టర్లం, నర్సులం, పంతుళ్ళం అవుతాం. అందరం ఎవరో ఒకరి ఇంట్లో చదువుకున్న పిల్లలమే. అండాశయం బొమ్మ పరీక్ష కాగితం మీద ఎంత చక్కగా గీశామన్నది కాదు, ఇంట్లో వదిన అడిగినప్పుడు సిగ్గుపడకుండా చెప్పగలమా అన్నది మన చదువుకు అసలు పరీక్ష. ఆ పరీక్షలో నేనొకసారి తప్పాను. మీరు తప్పకూడదనే ఇది రాశాను.